కదిరప్ప వీపు మీది ఎర్రబిళ్ళ

ఇట్లా దగ్గరికి రండి పిల్లలూ. గోడకానుకున్న వాళ్ళు గోడ వదలండి, వెనకున్న వాళ్ళు ముందుకు జరగండి. పుస్తకాలు పక్కన పెట్టి కాళ్ళు మడుచుకుని కూర్చోండి. కథ పెద్దదేమీ కాదు.

మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో కదిరప్పకు సైకిల్ సామాన్ల అంగడి ఉండేది. తొంభై ఏడో సంవత్సరం నాటి మాట. అప్పట్లో కొత్త సైకిల్ కొంటే ఉత్త సైకిలే ఇచ్చేవాళ్ళు. బెల్లు, స్టాండు, క్యారియర్, డైనమో, తాళం అన్నీ విడిగా కొని బిగించుకోవాల్సిందే. కదిరప్ప పొద్దున్నే అంగడి తెరిచి, గడప కడిగి, అరలోని బెల్లులన్నీ ఒక్కొక్కసారి మోగించి చూసుకునేవాడు. ఎవరు ఏది కొన్నా కొనకపోయినా, వెనక మడ్‌గార్డుకు ఎర్రబిళ్ళ బిగించుకోకుండా అంగడి దిగనిచ్చేవాడు కాదు. రిఫ్లెక్టరు అనే పేరు ఎవరి నోటా పలికేది కాదు, అందరికీ అది ఎర్రబిళ్ళే.

"బెల్లు నువ్వు కొడితేనే మోగుతాది. ఇది నువ్వు మర్సిపోయినా నీ వెనకాల కాపలా ఉంటాది," అని చెప్పేవాడు.

ప్రతి ఏడూ ఆయుధపూజనాడు చుట్టుపక్కల వాళ్ళు సైకిళ్ళు కడిగి ఆ అంగడి ముందు వరసగా నిలబెట్టేవాళ్ళు. కదిరప్ప తన చేత్తోనే అన్నిటికీ గంధం, కుంకుమ పెట్టేవాడు. హ్యాండిల్‌కు ఒక బొట్టు, సీటుకు ఒక బొట్టు. ఎర్రబిళ్ళ నొసటి మాదిరి గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి నిండుగా ఒకటి. ముందటేడు పెట్టిన బొట్లు సాయంత్రానికే రాలిపోయాయని నలుగురూ నవ్వారు. అందుకని ఆ ఏడు గంధంలో తుమ్మబంక కలిపాడు. బొట్లు రాయి మాదిరి అతుక్కున్నాయి. దేవుడి పేరు చెప్పి పెట్టిన బొట్టును గోటితో గీకి తీసేవాళ్ళు మన పక్క ఎవరుంటారు?

పూజ అయిన పన్నెండో రోజు, పుంగనూరు రోడ్డులో మంచు దట్టంగా దిగింది. ఆరు కిలోమీటర్ల దూరంలోని పల్లె నుంచి గోవిందప్ప అనే ఆయన సైకిల్ మీద మదనపల్లెకు పాలు తెచ్చేవాడు. పూజనాడు ఆయన సైకిల్ కూడా ఆ వరసలో నిలబడిందే. ఆ పొద్దు ఒక లారీ ఆయన్ను వెనకనుంచి కొట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడికాలు మోకాలి కింద తీసేశారు. ఎదురుగా ఏమీ కనబడలేదని ఆ లారీ డ్రైవరు రోడ్డు మీద కూలబడి ఏడ్చాడట.

ఏమీ కనబడలేదన్న మాట టీ అంగడిలో కదిరప్ప చెవిన పడింది. వెంటనే ఆయనకు గంధం గిన్నె గుర్తొచ్చింది. టీ తాగకుండానే లేచి వచ్చేశాడు. మరునాటి నుంచి అంగడికి వచ్చిన ప్రతి సైకిల్ ఎర్రబిళ్ళనూ కిరసనాయిలు గుడ్డతో రుద్ది రుద్ది తుడిచాడు. ఎందుకని అడిగిన వాళ్ళకు దుమ్ము పట్టిందన్నాడు. అసలు మాట ఎవరికీ చెప్పలేదు.

దుమ్ము అన్న ఆ రోజు సాయంత్రమే ఆయన వీపు ఎర్రగా వెలగడం మొదలైంది. అరచేతంత, రెండు భుజాల నడుమ, చొక్కాలోంచి తెలిసేటట్టుగా.

ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. ఏం చేసినాడో అడగడం మర్యాద కాదు కదా. కరెంటు పోయినప్పుడు ఆయన భార్య సిద్దమ్మ, రవంత అట్లా తిరిగి కూర్చోమని చెప్పి, ఆ వెలుతురులో బియ్యంలో రాళ్ళు ఏరుకునేది. ఆటోస్టాండులో మాత్రం కిరణ్ కుమార్ అనే డ్రైవరు ఒకసారి ఎకసెక్కం ఆడాడు. "కదిరప్పన్నా, ఆ పక్కకు నిలబడుకోప్పా. బండ్లన్నీ నిన్ను సూసి ఆగిపోతాండాయి, మా బాడుగలు పోతాండాయి." అందరితోపాటు కదిరప్ప కూడా నవ్వాడు. అట్నుంచి అటే సంతకు పోయి నల్ల కంబళి కొనుక్కున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎండలోనూ అది కప్పుకునే పంచర్లు వేసేవాడు.

అట్లా మూడు నెలలు గడిచాయి. ఒకరోజు గోవిందప్ప కూతురు శాలిని అంగడికి వచ్చింది. పదో తరగతి చదివే పిల్ల, మార్చిలో పరీక్షలు. ఆ పిల్ల సైకిల్‌ను గోవిందప్ప తాళం వేసి పెట్టేశాడు. పల్లెకు బస్సు పదిన్నరకు గానీ రాదు. దానిలో వస్తే పొద్దున్నే జరిగే లెక్కల స్పెషల్ క్లాసు అందదు, బడిలో మొదటి రెండు పీరియడ్లూ పోతాయి. ఇట్లాంటి చదువెందుకు, సోమవారం నుంచి ఇంట్లోనే ఉండమన్నాడట తండ్రి.

"కునుకు పట్టి రోడ్డు మధ్యకు పోయినానంటాడు మామా మా నాయన. మా వంశానికే సైకిల్ అచ్చిరాదంట. తాళంచెవి మొలతాడుకు కట్టుకోని ఉండాడు. నువ్వు ఇంకొకటి చేసిస్తావా?"

సొరుగు నిండా తాళంచెవులే. ఒకటి తీసి ఇస్తే పిల్ల సంతోషంగా పోతుంది, తాను నోరు విప్పే పని ఉండదు. కదిరప్ప చెయ్యి సొరుగు దాకా పోయింది. కంబళి కింద వీపు పెనం మాదిరి కాలింది. చెయ్యి వెనక్కి తీసుకుని, రేపు పొద్దున నేనే వస్తాను పాపా అన్నాడు.

మరునాడు మంచులోనే బయలుదేరి పల్లెకు పోయాడు. గోవిందప్ప ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని ఉన్నాడు, పక్కన చేతికర్ర. గోవిందప్ప కూర్చోమన్నా కదిరప్ప కూర్చోలేదు. పశువుల కొట్టంలో పడేసి ఉన్న పాత సైకిల్‌ను తానే తోసుకొచ్చి, వంగిపోయిన మడ్‌గార్డును ఆయన వైపు తిప్పాడు. గంధం ఎండి, ఎర్రబిళ్ళ ఒక్క గింజంతైనా కనబడకుండా కప్పేసి ఉంది.

"నువ్వు నిద్రపోలేదు గోవిందప్పా. రోడ్డు మధ్యకూ పోలేదు. దీని మింద బంక కలిపిన గంధం పెట్టింది నేను. ఆ పొద్దే తెలిసింది నాకు. సెప్పల్యాకపోతిని."

గోవిందప్ప బిళ్ళను గోటితో గీకి చూశాడు. రాలేదు.

"కాలు పోతే పోయింది. మూడు నెలలుగా నా బిడ్డ మొగం సూడల్యాక తల దించుకోని అన్నం తింటాండాను కదప్పా. నీకు రెండు కాళ్ళుండాయే, ఆరు కిలోమీటర్లు రాల్యాకపోతివా? పో ఈడ్నించి."

కదిరప్ప ఆ పాత సైకిల్‌ను గోడకు ఆనించాడు. తన సైకిలెక్కి వచ్చిన దారినే బయలుదేరాడు. కంబళి తిన్నె దగ్గరే జారిపోయిందని కూడా ఆయనకు తెలియలేదు.

ఎదురింటి గోడ కూడా కనబడని మంచు అది. మనిషి కనబడలేదు, సైకిల్ కనబడలేదు. ఆ ఎరుపు మాత్రం కాలవ మీది మోరీ దాటినా కనబడుతూనే ఉంది. రాగిచేను మలుపు దాటినా కనబడుతూనే ఉంది. గోవిందప్ప కర్ర ఊతంతో లేచి నిలబడి అట్లాగే చూస్తుండిపోయాడు. తర్వాత మొలతాడు ముడి విప్పి, తాళంచెవి కూతురి చేతిలో పెట్టాడు.

"తొందరగా పోయి ఆ మనిషిని నిలబెట్టు. రోజూ పొద్దున వచ్చి నీ వెనకాల రావల్లని సెప్పు. కంబళి కప్పుకోకుండా రావల్ల. అట్లయితేనే బడి."

క్షమించానని ఆయన అనలేదు. కదిరప్ప కూడా అడగలేదు.

ఆ రోజు మొదలు పరీక్షల దాకా, కోడి కూసే వేళకు కదిరప్ప పల్లెలో ఉండేవాడు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నా పలచటి చొక్కాతోనే వచ్చేవాడు. పిల్ల ముందు, ఆయన వెనక. పాలవాళ్ళు, టమోటా బండ్లవాళ్ళు, బస్సులో కిటికీల పక్కన కూర్చున్న వాళ్ళు, అందరూ ఆ వీపును చూసేవాళ్ళు. ఆయనకు ప్రతి పొద్దూ చచ్చేంత సిగ్గు. ఎంత సిగ్గుపడితే వీపు అంత బాగా వెలిగేది.

మాఘమాసంలో ఒక పొద్దున మంచు మరీ ఎక్కువైంది. మలుపు దగ్గర వెనకనుంచి లారీ బ్రేకు కీచుమని అరిచింది. కదిరప్ప మడ్‌గార్డుకు బంపరు తగిలీ తగలక నిలిచిపోయింది. డ్రైవరు దిగి వచ్చాడు. ఎరుపు కనబడి తొక్కినానప్పా, లేకుంటే ఇద్దరి మీదా పోయుండేది అన్నాడు. కదిరప్ప వేలు నోటి మీద పెట్టుకుని, ముందర పోతున్న పిల్లను చూపించాడు.

శాలిని ఆ పొద్దు పరీక్షకు పాఠం పైకి వల్లించుకుంటూ తొక్కుతోంది. వెనక్కి తిరిగి చూడలేదు. దారికి అడ్డమొచ్చిన కుక్కకు బెల్లు కొట్టి, బడి వైపు తిరిగింది. కదిరప్ప ఆ పిల్లను అందుకోవడానికి గట్టిగా తొక్కాడు.

ఇంక లేవండి. ఇళ్ళల్లో సంగటి దించేసి ఉంటారు, చల్లారితే గట్టిపడుతుంది. రోడ్డు వారగా పోండి, పోయి తినండి.