వెనక సీటులో పొగమంచు

డిజిటల్ ఫోటోగ్రఫీ క్లాసులో ఆ అమ్మాయికి పొగమంచు అన్న పేరు మొదటి ప్రాజెక్టుతోనే స్థిరపడిపోయింది. ఆ ప్రాజెక్టు అంశం చలనం. సాయంత్రమంతా బస్టాపులో నిలబడి వచ్చేపోయే జనాన్ని తీసింది. తెర మీద చూస్తే జనమూ లేరు, బస్సూ లేదు. బూడిదరంగు మీద బూడిదరంగు పూసినట్టు ఏదో ఉంది. ఫోటోలు చూపించాక ప్రతి విద్యార్థీ తెర పక్కన నిలబడి తన పని గురించి తనే నాలుగు మాటలు చెప్పాలని ఆ క్లాసులో నియమం. ఏం చేద్దామనుకున్నావు, ఏం జరిగింది, ఏం తెలిసింది. మిగతావాళ్ళు ఆ నాలుగు మాటలకే నీళ్ళు నమిలేవారు. ఈమె మాత్రం కాలం మన వేళ్ళ సందుల్లోంచి జారిపోవడం గురించి ధారాళంగా మాట్లాడింది. మాట్లాడుతుంటే తన ఒళ్ళు తనకే పులకరించింది.

టీచరు ఒకప్పుడు పత్రికకు ఫోటోలు తీసిన మనిషి. పొట్టి జుట్టు, పొట్టి మాటలు. అంతా విని, "ఆ రోజు బస్టాపులో పొగమంచు పట్టిందా?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"మరి షట్టర్ స్పీడు ఎంత పెట్టావు?"

షట్టరుకు స్పీడు ఉంటుందన్న సంగతీ, అది తగ్గితే కదిలేదంతా అలుక్కుపోతుందన్న సంగతీ కాలంతో పాటే ఆమె వేళ్ళ సందుల్లోంచి జారిపోయి ఉన్నాయి. క్లాసు ఘొల్లుమంది. పేరు అతుక్కుంది.

అసలు ఆమె పద్ధతే వేరు. ముందు చెప్పాల్సిన మాటలు రాసుకునేది, తర్వాత ఆ మాటలకు సరిపోయే ఫోటోల కోసం బయల్దేరేది. శుభలేఖలు అచ్చు వేయించి, వరుణ్ణి వెతకడానికి బయల్దేరినట్టు. రెండో ప్రాజెక్టు నీడ. "వెళ్ళిపోయిన మనిషి మిగిల్చే ఖాళీ" అని రాసుకుని, ఇంట్లో ఖాళీ కుర్చీ నీడను గోడ మీద తీసింది. క్లాసులో లెన్సు అని ఒకడున్నాడు. వాడి సంచీలో ఉన్నన్ని లెన్సులు కొట్లో కూడా ఉండవు. వాడు మెడ సాచి చూసి, "ఆ కుర్చీ మీద ఆరేసింది టవలా?" అన్నాడు.

"వెళ్ళిపోయిన మనిషి టవలు," అంది పొగమంచు తడుముకోకుండా.

ఈసారి టీచరు కూడా నవ్వారు. నిజానికి ఆ వెళ్ళిపోయిన మనిషి వాళ్ళ నాన్న. వెళ్ళింది స్నానానికి. ఆమె ఫోటో తీస్తున్నంతసేపూ ఆ టవలు కోసమే బాత్రూములోంచి కేకలు వేస్తూ ఉన్నాడు.

చివరి ప్రాజెక్టు "ఒక మనిషి, ఒక పని". ఇంటి మనిషైనా, వీధి మనిషైనా సరే, పనిచేస్తుండగా కొన్నాళ్ళ పాటు వెంటే ఉండి తీయాలి. "ఈసారి మాటలు ఫోటోలు చూశాకే. ఇక్కడే, అప్పటికప్పుడు. కాగితం తెస్తే లాక్కుంటాను," అన్నారు టీచరు. ఆవిడ కిటికీ వైపు చూస్తూ అన్నా, క్లాసంతా తిరిగి పొగమంచు వైపే చూసింది.

ఆమె నాన్ననే ఎంచుకుంది. నాన్నకు డ్రైవింగ్ స్కూలు ఉంది. స్కూలంటే ఒక గది, ఒక బల్ల, ఒక కారు. కారు నెత్తిన "నేర్చుకుంటున్నారు, ఓపిక పట్టండి" అన్న పలక. లోపల నాన్న కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళంతా ఆయన ఓపికను మెచ్చుకునేవారే. "మీ నాన్నగారంత శాంతమూర్తిని నేను చూడలేదమ్మా" అని ఎవరైనా అంటే తల్లీకూతుళ్ళు మొహమొహాలు చూసుకునేవారు. టీవీ రిమోటు కనపడకపోతే ఇల్లు ఎగిరిపోయేలా అరిచే మనిషి ఆయన. కిందటేడు కూతురికి కారు నేర్పబోయాడు. రెండో పాఠంలోనే క్లచ్ దగ్గర ఆయన అరిచాడు, ఆమె అరిచింది, నడివీధిలో దిగి ఇంటి దారి పట్టింది. ఆయన పక్కనే కారు మెల్లగా పోనిస్తూ, మిగిలిన తిట్లన్నీ కిటికీలోంచి తిట్టుకుంటూ ఇంటిదాకా వచ్చాడు.

కాగితం వద్దన్నా పొగమంచు మనసులో ఒక పేరు రాసేసుకుంది: "యంత్రం ముందు మనిషి భయం". వెనక సీటులో కూర్చుని, నేర్చుకునేవాళ్ళ మొహాల్లో ఆ భయాన్ని పట్టుకోవాలి.

ఆ రోజుల్లో నాన్న దగ్గర నేర్చుకుంటున్న వాళ్ళలో ఒకావిడ కర్టెన్లు కుడుతుంది. యాభై దాటాయి. కుట్టిన కర్టెన్లనూ, వాటి రాడ్లనూ ఇళ్ళకు తీసుకెళ్ళి తనే తగిలించి రావాలి. కారు అల్లుడిది, మొహం ముడుచుకోకుండా అతను ఎప్పుడూ తీసుకెళ్ళడు. అందుకని తనే నేర్చుకుందామని వచ్చింది. నాన్న ఆవిణ్ణి "అక్కయ్యగారూ" అంటాడు కనక పొగమంచుకు అత్తయ్యగారు అయింది.

"ఫోటోలు తీస్తే తియ్యి కానీ, నోరు తెరుచుకుని ఉన్నవి మాత్రం వద్దమ్మాయ్," అంది అత్తయ్య. స్టీరింగు పట్టుకున్న క్షణం నుంచి దిగేదాకా ఆవిడ నోరు తెరుచుకునే ఉండేది.

వెనక సీటులోంచి భయం కనపడలేదు. సీట్ల వెనకభాగాలు కనపడ్డాయి. మొదటి రోజు తీసినవన్నీ అవే. రెండో రోజు పొగమంచు ముందుకు వంగి, "అత్తయ్యగారూ, కొంచెం ఇంకా భయపడతారా?" అని అడిగింది.

"భయం పోవాలనే కదమ్మా డబ్బు కట్టి చస్తున్నాను!"

"వెనక కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదమ్మా," అన్నాడు నాన్న మెత్తగా. అద్దంలో ఆయన కళ్ళు మాత్రం ఇంట్లో కళ్ళు.

ఆ వారంలోనే ఎత్తు మీద కారు ఆపి మళ్ళీ కదిలించడం నేర్పే రోజు వచ్చింది. ఆసుపత్రి గోడ పక్కన వీధి నిటారుగా ఎక్కుతుంది. అత్తయ్య కారు ఆపింది. హ్యాండు బ్రేకు వదిలింది. క్లచ్ మీద కాలు, పెదవి మీద పళ్ళు. సరిగ్గా అప్పుడే ముందు అద్దంలోంచి సాయంత్రపు ఎండ ఆవిడ మొహం మీద పడింది. పొగమంచు రెండు సీట్ల మధ్యలోంచి కెమెరా ముందుకు చాచింది.

"అలాగే! కదలకండి!" అని అరిచింది.

అత్తయ్య మాట వినే మనిషి. కదలవద్దంటే కదలలేదు. చేతులు గాల్లోకి లేచాయి, కాళ్ళు అన్నిటి మీద నుంచీ లేచాయి. ఇంజను దగ్గి ఆగింది. కదిలింది కారొక్కటే, అదీ వెనక్కి. కేక విని కూతురి వైపు తిరిగిన నాన్న బ్రేకు తొక్కాడు గానీ, ఆ తిరగడంలో అరక్షణం పోయింది. వెనకున్న రొట్టెల వ్యానుకు కారు ఠప్పున తగిలింది.

వ్యాను మనిషి కాఫీ తాగుతున్నాడు కాబోలు, కాఫీ అంతా చొక్కా ముందువైపున వేసుకుని దిగాడు. ఎవరు నడుపుతున్నారని అరిచాడు. నాన్న దిగి చేతులు జోడించి, "తప్పు నాదండి. నేర్పేవాణ్ణి నేను," అన్నాడు. అత్తయ్య మొహం సున్నం కొట్టినట్టయింది. ఆ సమయంలో కళాకారిణి ఏం చేస్తున్నదంటే, జారిపోయిన కెమెరా కోసం రెండు సీట్ల మధ్య నాలుగు కాళ్ళ మీద పాకుతున్నది. కింద పడ్డ కెమెరా దానంతటదే నొక్కుకుని ఏ అద్భుతమో తీసిపెట్టి ఉంటుందని ఇంటికొచ్చాక ఆశగా చూసింది. తీసింది కూడా. కారులో పరిచిన చాప, నాలుగు కోణాల్లో.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇల్లు ఎగిరిపోతుందని అమ్మ కిటికీలు ముందే మూసింది. నాన్న అరవలేదు. "ఆ ఉప్పు ఇటు ఇస్తావా అమ్మా," అన్నాడు. డబ్బు కట్టి వచ్చేవాళ్ళతో మాట్లాడే గొంతు. పొగమంచు ఉప్పు అందించింది. కాసేపటికి ఆయనే, "ఆవిడ ఇక రానని ఫోను చేశారు," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే తిరిగి ఏదో అనేది, తలుపు విసిరేది, పని అయిపోయేది.

మర్నాడు కాలేజీ ఎగ్గొట్టి కర్టెన్ల కొట్టుకు వెళ్ళింది. చిన్న గది. గోడల నిండా గుడ్డల చుట్టలు, మధ్యలో మిషను, మిషను వెనక అత్తయ్య. దారి పొడుగునా పొగమంచు క్షమాపణను కూర్చుకుంటూ వచ్చింది. అది కూడా ప్రాజెక్టు గురించి చెప్పే నాలుగు మాటల్లాగే తయారైంది.

"అత్తయ్యగారూ, నిన్న నా ఉద్దేశం ఏమిటంటే, ఒక మనిషి అంతరంగం..."

"అంతరంగం తర్వాత. ఆ కొస పట్టుకో."

పెద్ద కర్టెను. కొస పట్టుకుంది. అత్తయ్య అవతలి కొస పట్టుకుని రెండు విదిలింపులు విదిలించి మడతేసింది. మళ్ళీ ఇంకోటి. అలా చాలా మడతపెట్టారు. క్షమాపణ ఎక్కడ ఆగిందో పొగమంచు మరిచిపోయి, చివరికి, "నావల్లే జరిగింది. మీరు మానకండి," అంది. తన నోటి నుంచి అంత చిన్న వాక్యం రావడం ఆమెకే కొత్త.

"నీవల్ల కాదులే. మొదటి రోజు నుంచీ మానడానికి వంక వెతుకుతున్నాను. నువ్వు దొరికావు." అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తూ అంది. "మీ నాన్న ఒక్కసారి తిట్టినా బాగుండేది. తిట్టడు. ఆ మంచితనం చూస్తే నేను ఎప్పటికీ నేర్చుకోలేనని ఆయనకు తెలిసిపోయిందేమో అనిపిస్తుంది."

"తిట్లే కావాలంటే మా ఇంటికి రండి అత్తయ్యగారూ, కూర్చుని వినొచ్చు."

అత్తయ్య నవ్వింది. "నీకు వచ్చా నడపడం?"

"రెండు పాఠాలు. రెండోది సగం నడిచే వచ్చాను."

"అయితే రేపు నువ్వు నడుపు. నేను వెనక కూర్చుంటా. అది చూశాక నేను రావాలో మానాలో చెప్తాను. నీ డబ్బా కూడా ఇటియ్యి, నీ భయం నేను తీస్తాను."

తప్పించుకునే దారి లేదు. మర్నాడు పొగమంచు స్టీరింగు ముందు కూర్చుంది, నాన్న పక్కన, అత్తయ్య కెమెరాతో వెనక. కారు ఆ వీధి ఎక్కుతుంటేనే క్లచ్ ఎప్పుడు వదలాలో తెలియక ఇంజను ఆగింది. నాన్న ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు. వెనక డబ్బు కట్టిన మనిషి ఉన్నదని గుర్తొచ్చింది.

"అమ్మా," అన్నాడు పళ్ళ మధ్యలోంచి. "క్లచ్... కాస్త... మెల్లగా... వదలవా తల్లీ."

మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. వెనక నుంచి కెమెరా టకటకమంటూనే ఉంది. ఇంజను మళ్ళీ ఆగింది. పొగమంచు అరచేతుల చెమటకు స్టీరింగు జారుతోంది. యంత్రం ముందు మనిషి భయం అంటే అరచేతులు జారడమని, అందులో గొప్ప ఆలోచనలేవీ ఉండవని ఆమెకు తెలిసింది. ఉన్న ఒకే ఆలోచన బాత్రూముకు వెళ్ళాలని.

పక్కకు చూస్తే నాన్న తాపీగా కిటికీలోంచి ఆసుపత్రి గోడను చూస్తున్నాడు. "నేను చస్తుంటే అటు చూస్తావేంటి?" అని అరిచింది.

"నేను రోడ్డు చూస్తుంటే నువ్వు నన్ను చూస్తావు. నేను అటు చూస్తే నువ్వు రోడ్డు చూడక ఏం చేస్తావు? చూడు!"

చూసింది. కారు కదిలి, కుదుపుతో కొంత ఎక్కి, మళ్ళీ ఆగింది. వెనక అత్తయ్య పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "దిగు, దిగు. ఇంతేనా? దీనికంటే నేనే నయం," అంటూ ముందుకొచ్చి కూర్చుంది.

ఆ తర్వాత పొగమంచు వెనక సీటులో నోరు మెదపలేదు. తీసినవాటిలో ఎక్కువ ఎప్పటిలాగే సీట్ల వెనకభాగాలే. అయితే ఒకసారి అత్తయ్య బయల్దేరే ముందు మెలిపడ్డ సీటు బెల్టును రెండు వేళ్ళతో గుడ్డ సవరించినట్టు సవరించుకుంటుంటే, చూసి తీసింది. ఇంకోసారి పక్కకు ఒరిగి, నాన్నను తీసింది. ఏమీ పట్టనట్టు కిటికీలోంచి చూసే మొహం, కింద బ్రేకు మీద ఆనీ ఆనకుండా బిగిసిన కాలు. ఆ రెండు తీసేటప్పుడు ఏ వాక్యమూ మనసులో లేదు. ఆ సంగతి కూడా తర్వాతే గమనించింది.

క్లాసులో ఆ రెండూ, వాటితో పాటు మరికొన్నీ తెర మీద వేసింది. కాగితం లేదు.

"ఏం చేద్దామనుకున్నావు?" అన్నారు టీచరు.

"భయం తీద్దామనుకున్నాను మేడమ్."

"ఏం జరిగింది?"

"రొట్టెల వ్యానుకు గుద్దించాను."

క్లాసు ఘొల్లుమంది. లెన్సు బల్ల చరిచాడు.

"ఏం తెలిసింది?"

పొగమంచు నోరు తెరిచింది. కాలం, ఖాళీ, అంతరంగం, ఒక్కటీ సాయానికి రాలేదు. "మా నాన్న అటు ఎందుకు చూస్తాడో తెలిసింది," అని వచ్చి కూర్చోబోయింది.

"ఆగు. ఆ కాలు కనపడేది మళ్ళీ వెయ్యి." టీచరు కళ్ళజోడు పైకి నెట్టుకుని తెర దగ్గరికి వెళ్ళి చూశారు. "కుడివైపు ఇంకాస్త వదలాల్సింది. బూటు కొస తెగింది."

అంతకుముందు ఆవిడ ఈమె ఫోటోల గురించి అడిగింది వాతావరణం, షట్టర్ స్పీడు, అంతే. బూటు కొస తెగిందని ఎవరైనా చెప్పాలంటే ముందు బూటు కనపడాలి కదా. పొగమంచు బహుమతి వచ్చినదానిలా వచ్చి కూర్చుంది. మార్కులు మాత్రం మధ్యరకంగానే వచ్చాయి.

అత్తయ్య తీసిన ఫోటోల్లో ఒకదాన్ని నాన్న పెద్దది చేయించి స్కూలు గదిలో గోడకు పెట్టాడు. స్టీరింగు పట్టుకుని, పక్కకు తిరిగి నోరు వెళ్ళబెట్టి, నిలువుగుడ్లు వేసుకున్న తన కూతురు. కింద "ఇలాంటివారికి కూడా నేర్పబడును" అని రాయించాడు. తీసెయ్యమని పొగమంచు పోట్లాడింది. అప్పుడు ఆయన ఎగిరిపడి అరిచాడు, ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది.

అత్తయ్య లైసెన్సు పరీక్ష మొదటిసారే నెగ్గింది. అరుపుల మధ్యే నాన్న దగ్గర మళ్ళీ నేర్చుకున్న పొగమంచు అదే రోజు అదే మైదానంలో తప్పింది. ఎత్తు దగ్గర కాదు, మలుపు దగ్గర సిగ్నలు వేయడం మరిచి. బయటికొచ్చి గట్టు మీద కూలబడితే అత్తయ్య పక్కన కూర్చుని, "వచ్చే నెల మళ్ళీ రా. ఈలోపు సాయంత్రాలు అల్లుడి కారులో నాతో రా, రాడ్లు పట్టుకుని ఇళ్ళకు వద్దువుగాని. మలుపులన్నీ అలవాటవుతాయి," అంది.

పొగమంచు ఒప్పుకుంది.