అంగుళం తక్కువ

మహిధర్ బండికి సీటు లేదు. సీటు ఉండాల్సిన చోట జానెడు రేకు ఉండేది, అంతే. దాన్ని నిలబడి నడపాలి, బండరాళ్ల మీద నత్తలా ఎక్కించాలి, కాలు మాత్రం నేలకు తగలకూడదు. ట్రయల్స్ బండి అంటారు దీన్ని, "నాకంటే పదేళ్లు పెద్దది" అని అతను గొప్పగా చెప్పుకునేవాడు. తాండూరులో ఎవరు వింటారు? "సీటు పెట్టుడు మర్సిండ్రా ఏంది?" అని నవ్వేవాళ్లు.

నవ్వనిది మెకానిక్ పరశురాం ఒక్కడే. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి స్పానర్ పట్టిన మనిషి. వింత బండి కనబడితే అన్నం మరిచిపోతాడు. సామాను ఎక్కడా దొరకని ఆ బండిని ఆరేళ్లు అతనే బతికించాడు. స్కూటర్‌ది ఒకటి తెచ్చి కోసి, ట్రాక్టర్‌ది ఒకటి తెచ్చి అరగదీసి, ఎలాగోలా నడిపించేవాడు. మన మెకానిక్‌లు ఎవరైనా చేసేది అదే.

పోయిన ఎండాకాలం కరణ్‌కోట దగ్గర పాత రాతి క్వారీ అంచు నుంచి ఆ బండి మహిధర్‌తో సహా కింద పడింది. చనిపోయేనాటికి అతనికి ముప్పై ఒకటో ఏడు.

ఏడాది నిండబోతుండగా అతని తండ్రి జనార్దన్, సొట్టలు పడ్డ బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని షెడ్డుకు వచ్చాడు. నలభై ఎకరాల ఆసామి, రమ్మనేదాకా గడప బయటే నిలబడ్డాడు.

"పరశురాం, దీన్ని మొత్తం ఇప్పి సూడు. బండిల ఏమన్న తప్పున్నదా, లేకుంటే తప్పు నాదేనా, జర చెప్పు."

"నీ తప్పేంది పటేలా?"

"క్వారీ కాడికి వోయి అన్నానికి రమ్మని పిల్సిన. మహీ అని గట్టిగ ఒర్లిన. నా దిక్కు హ్యాండిల్ మొత్తం తిప్పిండు. బండి ఒక్కపారి గుర్రుమని ఉరికింది. 'పిల్సి సంపితివి' అన్నది మహీ తల్లి ఇంద్రమ్మ. గా దినం సంది మా ఇంట్ల నాతోటి మాట లేదు."

హ్యాండిల్ తిప్పాడన్న మాట వినగానే పరశురాం చూపు బండి హ్యాండిల్ మీదికి పోయింది. "సూస్త పటేలా" అని మాత్రం అన్నాడు.

రెండు రోజులు పట్టింది బండి ఒక రూపుకు రావడానికి. కిక్కు కొట్టాడు. ఇంజన్ నెమ్మదిగా, బుద్ధిగా ఆడింది. హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పాడు. ఎవరూ ఎక్సలేటర్ ముట్టకుండానే ఇంజన్ ఒక్కసారిగా గుర్రుమంది.

ఎక్సలేటర్ వైరు తను వేసిందే. ప్రమాదం జరిగిన రోజు పొద్దున పాతది తెగితే, స్కూటర్ వైరు కోసి వేశాడు. హ్యాండిల్‌ను నేరుగా పెట్టి కొలిచాడు, రోడ్డు బండికి కొలిచినట్టే. కానీ రాళ్ల మధ్య మసలే ఈ బండి హ్యాండిల్ ఇంకా ఎంతో తిరుగుతుంది. అక్కడిదాకా తిప్పితే పొట్టి వైరు బిగుసుకుని తానే ఎక్సలేటర్ ఇచ్చేస్తుంది. అంగుళం తక్కువైంది. ఒక్కసారి తిప్పి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.

ఆ క్షణాన జనార్దన్‌కు ఫోన్ చేసి చెప్పి ఉంటే మనిషి అనిపించుకునేవాడు. కానీ భయం ముందు నిలబడింది. షెడ్డు గుర్తొచ్చింది, ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. వైరు పీకి, పొడుగుది వేసి, పాతదాన్ని వీధిలో పోతున్న పాత ఇనుప సామాను బండిలోకి విసిరేశాడు.

మర్నాడు జనార్దన్ వచ్చాడు.

"బండిల ఏం లేదు పటేలా" అన్నాడు పరశురాం, చూపు కలపకుండా.

ముసలాయన స్టూలు మీద కూలబడ్డాడు. "అయితే నేనే" అన్నాడు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ ముఖం చూడటం పరశురాం వల్ల కాలేదు.

"పటేలా, అబద్ధం చెప్పిన. నీ కొడుకును నేనే సంపిన. నేనేసిన వైరు పొట్టిగైంది. హ్యాండిల్ తిప్పితే బండి దానంతట అదే ఉరుకుతది."

జనార్దన్ తలెత్తి చూశాడు. "స్టార్ట్ చెయ్యి."

బండి స్టార్టయింది. ముసలాయన లేచి రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని ఎడమకు చివరంటా తిప్పాడు. కుడికి తిప్పాడు. మళ్లీ ఎడమకు. ఇంజన్ అదే తీరుగా కొట్టుకుంటోంది.

"ఏదిరా? ఏం లేదు గదా."

"నిన్ననే మార్చిన పటేలా. పాతది సామానోనికి ఏసిన."

"గా సామానోడెవరు?"

"తెల్వదు."

జనార్దన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీది మంచి మనసు పరశురాం. నా పానం సల్లవడాలని తప్పు నీ నెత్తిన ఏసుకుంటున్నవ్. గట్ల జెయ్యకు."

"నా పిల్లల మీద ఒట్టు పటేలా, నిజం!" కాళ్ల మీద పడ్డాడు పరశురాం.

"పిల్లల మీద ఒట్టెయ్యకురా" అని కసిరాడు జనార్దన్. రెక్క పట్టి లేపాడు. అతని కళ్లు తుడిచాడు కూడా. తర్వాత, ఆమె అన్నదే నిజమని ఇంద్రమ్మకు చెప్పడానికి ఇంటికి వెళ్లిపోయాడు.