కరిగిన గుల్లలు

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఈ కోడలు మాత్రం అత్త ఉండగానే ఉత్తమురాలైంది, అదీ అత్తగారి ప్రయోగశాలలోనే. నీటి వాలుకు కొట్టుకుపోయే చిన్న చిన్న జీవాలున్నాయే, ప్లవకాలంటారు, వాటి మీద జీవితమంతా పనిచేసి అత్తగారు రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి కోడలు వచ్చింది. వంటింట్లో ఉప్పెంతో కూడా అడిగి వేసే మనిషి, ప్రయోగశాల సంగతి మాత్రం ఒక్కనాడూ అత్తగారిని అడిగిన పాపాన పోలేదు. అడిగితే చులకనైపోతానని భయం. అత్తగారేమైనా తక్కువ తిన్నారా? అడగందే అమ్మైనా పెట్టదు, ఇక అత్తనైన నేనేం పెడతాను అని బిగుసుక్కూర్చున్నారు.

కోడలికి పేరు తెచ్చినవి ఆవగింజంత నత్తలు. రెక్కల్లాంటి పాదాలతో నీళ్లలో ఎగురుతున్నట్టు ఈదుతాయి కాబట్టి వాటిని సముద్రపు సీతాకోకలంటారు. అత్తగారి కాలపు సీసాల్లో వాటి గుల్లలు గాజులా నిక్షేపంగా ఉన్నాయి. తను వచ్చాక పట్టినవాటికి సగానికి సగం గుల్లలే లేవు, ఉన్నవీ చివికిపోయాయి. నీటిలో ఆమ్లం పెరిగి ఇక్కడి సముద్రమే వాటిని కరిగించేస్తోందని ఆమె వ్యాసం రాసింది. రేపు దేశదేశాల వాళ్లు కూర్చునే సభలో ఆ మాటే చెప్పాలి. ప్రయోగశాల డైరెక్టర్‌గారైతే ఆమెను నేల మీద నడవనివ్వడం లేదు.

ఆ వ్యాసం చదివిన రోజునుంచి అత్తగారు సముద్రపు ఒడ్డుకు నడకకు వెళ్లడం మానేశారు. తన పేరు అచ్చులో చూసి ఓర్వలేకపోతున్నారనుకుంది కోడలు.

సభలో నాలుగు బతికున్న నత్తల్ని చూపిస్తే బాగుంటుందని, ఆ ఉదయం పడవ మీద వెళ్లి వల లాగించింది. పట్టిన వెంటనే పడవలోనే, కుళ్లిపోకుండా నిలవ ఉంచే ఫార్మలిన్ పోసి సీసా బిగించడం ఆమె అలవాటు. ఈసారి పోయలేదు. తెచ్చి, చిన్న గాజు పళ్లెంలో వేసి, సూక్ష్మదర్శినిలోంచి చూసింది.

గుల్లలున్నాయి. ఒక్కదాని మీదా గీత కూడా లేదు, హాయిగా ఈదుతున్నాయి. వల మారిందా, చోటు మారిందా అని పడవ నడిపేవాడికి ఫోన్ చేసి అడిగితే, ఎప్పుడూ వేసే వలే, ఎప్పుడూ వెళ్లే చోటే అన్నాడు. బీరువాలోంచి పోయిన నెల సీసా తీసి, నీలం లిట్మస్ కాగితం ముంచింది. ఎర్రబడింది. అత్తగారి పాత సీసాలో ఇంకొకటి ముంచింది. నీలంగానే ఉండిపోయింది.

పాపం, సముద్రం ఏమీ ఎరగదు. ఆమ్లం తన సీసాలో ఉంది.

ఇంటికి ఫోన్ చేసింది.

“అత్తయ్యా, ఫార్మలిన్‌లో మీరేమైనా కలిపేవారా?”

“బోరాక్స్. కలపకపోతే ఫార్మలిన్ ఆమ్లమై గుల్లల్ని తినేయదూ? ఏం, నువ్వు కలపడం లేదా?”

కొన్న డబ్బాలోనే కలిపి వస్తుందనుకుంది కోడలు. చెప్పకుండానే అత్తగారికి అర్థమైపోయింది. ఇక దులిపేస్తారని కోడలు కళ్లు మూసుకుంది.

“అయితే సముద్రంలో అవి బాగానే ఉన్నాయా?” అన్నారు అత్తగారు. ఆ గొంతు ఎప్పుడూ విన్నది కాదు.

జత కలవని చెప్పులతో ప్రయోగశాలకు వచ్చారావిడ. నేరుగా వెళ్లి సూక్ష్మదర్శిని మీదికి వంగారు. కాసేపటికి భుజాలు కదలడం చూసి కోడలు నిర్ఘాంతపోయింది. అత్తగారు ఏడవగా ఆమె ఎన్నడూ చూడలేదు.

“నా కళ్ల ముందే సముద్రం చచ్చిపోతుంటే గుడ్డిదాన్లా పనిచేశాననుకున్నానే. ఒడ్డుకెళ్లాలంటే మొహం చెల్లలేదు” అన్నారు. ముక్కు తుడుచుకుని, “కలపాలని రాసిపెట్టనిది నేను, అడగనిది నువ్వు” అని మళ్లీ వంగారు.

ఓర్వలేనితనమనుకుంది కోడలు ఇన్నాళ్లూ. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

డైరెక్టర్‌గారికి ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మెల్లగా నచ్చజెప్పబోయారు. అతిథులు దిగిపోయారు, సభ కానిచ్చేద్దాం, సవరణ తర్వాత తీరిగ్గా వేసుకోవచ్చు, నలుగురిలో నవ్వులపాలైతే ఇక మనం నిజం చెప్పినా ఎవరూ నమ్మరు అన్నారు. పేరు పోతుంది, బహుశా కుర్చీ కూడా పోతుంది. కోడలు అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఇంకా ఆ నత్తల్నే చూస్తున్నారు.

“రేపు సభకు వస్తానండీ. గుల్లల్ని కరిగించింది సముద్రం కాదు, నేనేనని చెబుతాను” అంది.

“మేమని చెప్పు” అన్నారు అత్తగారు, తల ఎత్తకుండానే.