అడ్డం ఫోటో

బోధన్‌లో దేవదాస్‌కు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. వారమంతా మనుషుల్ని తీసేవాడు, ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి నిజాంసాగర్ డ్యాముకు వెళ్లి కొంగల్ని తీసేవాడు. మనుషులు నవ్వమంటే బిగుసుకుపోయేవారు, కొంగలకు ఆ తంటా లేదు.

ఆయన ఫోటోల తీరు ఊరందరికీ తెలుసు. కెమెరాను నిలువుగా పట్టి తీస్తే కొంగ అందులోనే ఉండిపోయేది. అడ్డంగా పట్టి, అది చూసేవైపు కాస్త నీళ్లు వదిలి తీస్తే, ఎప్పుడో ఒకనాడు ఆ నీళ్లమీదుగా నడిచి ఫోటో దాటి పోయేది. అలా పోయిన కొంగ డ్యాము దగ్గర కూడా మళ్లీ కనపడేది కాదు. నిలువు ఫోటోలో ఉన్నదానికి మాత్రం చావు లేదు. రెక్క విరిగిన ఒకటి ఏళ్ల తరబడి ఆ ఒడ్డునే కుంటుతూ తిరిగేది. పాస్టరుగారింట్లో అడ్డం ఫోటోలోని గుంపు క్రిస్మస్‌కు ముందే ఖాళీ చేసింది. నీళ్లు కూడా బాగానే ఉన్నాయని ఆయన ఆ ఫోటోను గోడకే ఉంచుకున్నాడు.

దేవదాస్ భార్య జ్ఞానమ్మకు కడుపులో గడ్డ లేచింది. నిజామాబాద్ డాక్టరు ఇక లాభం లేదని ఇంటికి పంపిన రోజే, దేవదాస్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నిలువుగా ఫోటో తీశాడు. భుజాల పక్కన వేలెడు సందు కూడా వదల్లేదు. గండం తప్పించాననుకున్నాడు.

ఆమె పోలేదు. గడ్డ పెరగడమూ మానలేదు. మూలుగు వీధిలోకి వినపడేది. ప్రార్థన చేయడానికి వచ్చిన సంఘం ఆడవాళ్లు కళ్లు మూసుకునే ముందు గోడమీది ఫోటో వైపు ఒకసారి చూసేవారు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకునేది.

ఫ్యాక్టరీకి చెరకు బండ్లు బారులు తీరిన ఒక పొద్దున ఆమె నోరు విప్పింది.

"నన్ను డ్యాముకు తోల్కపో. ఆ కొంగల తోని అడ్డం తియ్యి."

ఆయన వినపడనట్టు లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"నన్ను నీ పాణం లెక్క సూస్కున్నవ్, నాకెర్కనే. కానీ మస్తు నొస్తున్నదయ్యా. ఇగ నన్ను ఇడ్సిపెట్టు."

జీపు మాట్లాడి తీసుకెళ్లాడు. దుప్పటి కప్పి ఒడ్డున పక్కవాటుగా కూర్చోబెట్టాడు. ఆమె వెనక కొంగలు మేస్తున్నాయి. కెమెరా ఎత్తగానే చేతులు వాటంతటవే నిలువుకు తిరిగాయి. నిజానికి ఆ ఫోటోకు నిలువే అందం. ఆమె, ఆమె వెనక పొడుగుకాళ్ల కొంగ, కొలిచి పెట్టినట్టు సరిపోయారు.

"తిప్పు," అంది జ్ఞానమ్మ.

తిప్పాడు. తిప్పి కూడా మోసం చేయబోయాడు. ఆమె ముఖానికి ఆనుకునేలా అంచు పెట్టి, ఖాళీ అంతా వీపు వెనక వదిలాడు. ముందు దారి లేకపోతే ఎటు పోతుంది? అది ఆమెకు తెలిసే వీలు లేదు. అంతలో నొప్పి వచ్చింది. కొంగలు బెదిరిపోతాయని ఆమె దుప్పటి కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది.

దేవదాస్ కెమెరా దించాడు. ఆమె తేరుకుని తల ఎత్తేదాకా ఆగి, కెమెరాను పక్కకు జరిపాడు. నీళ్లన్నీ ఆమె ముందుకు వచ్చాయి. అప్పుడు నొక్కాడు.

ఇంటికొచ్చి పాత ఫోటోను, దాని నెగెటివ్‌ను పొయ్యిలో వేశాడు. కొత్తది కడిగి, ఆరబెట్టి, ఆమె తలగడ పక్కన పెట్టాడు.

తెల్లారి చూస్తే ఫోటోలో కొంగలన్నీ ఉన్నాయి. జ్ఞానమ్మ లేదు. ఆమె కూర్చున్నచోట దుప్పటి నీటుగా మడిచి ఉంది. మంచం మీద ఆమె ముఖం పెళ్లినాటి ముఖంలా నొప్పి లేకుండా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు.

దేవదాస్ ఫోటోను రెండు చేతులా పట్టుకుని కొంగల్ని బతిమాలుకున్నాడు.

"ఆమెకు తొవ్వ తెల్వది. జర ఎంట పోండ్రి."

సాయంత్రం సమాధుల దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి ఫోటోలో ఒక్క కొంగ కూడా లేదు. అప్పుడు గాని ఆయనకు ఏడుపు రాలేదు.