గోడ దాకా నీళ్లు

మా పచ్చికకు సోమవారం దాకానే ఆయుష్షు ఉందని శుక్రవారం టిఫిన్ దగ్గర తెలిసింది. మావారు భాస్కరరావుగారు ఆలోచనలో ఉన్న సంగతులు కాఫీ తాగుతూ చెబుతారు, తేల్చేసిన సంగతులు పెసరట్టు తుంచుతూ చెబుతారు. ఇది పెసరట్టు సంగతి. సోమవారం పొద్దున్నే టైల్స్ కాంట్రాక్టరు జేవియర్‌గారు కొలతలకు వస్తారు. ఇంటి ముందు గడ్డంతా తవ్వేసి పార్కింగ్ టైల్స్ పరిచేస్తారు.

"సగం పసుపు, సగం మట్టి. దానికి రోజూ మోటారు వెయ్యడం ఎందుకు చెప్పు శిరీషా," అన్నారు.

నేను రెండో అట్టు వేశాను. ఆయనతో వాదించి గెలిచినా గడ్డికి నీళ్లు అందవు కదా.

ఆ గడ్డి నేను నాటింది. మూడేళ్ల కిందట కనకాలపేటలో ఈ ఇల్లు కట్టుకున్నప్పుడు పీట వేసుకుని కూర్చుని, జానెడు ఎడంలో ఒక్కో పిలక గుచ్చాను. పదకొండు రోజులు పట్టింది. వీధిన పోయేవాళ్లు ఆగి, ఇది ఏ రకం వరి అని అడిగి వెళ్లేవారు. నాలుగు స్ప్రింక్లర్లు పెట్టించాం. మొదట్లో అవి కాంపౌండు గోడ దాకా చిమ్మేవి. గోడ అవతల పక్కింటి ఫిలోమినా స్కూటరు సీటు కూడా తడిసేది. అలాంటివి రెండు నెలలుగా తమ కాళ్ల దగ్గరే నీళ్లు కార్చుకుంటున్నాయి. తల తిప్పే ఓపిక కూడా లేదు వాటికి.

శనివారం ప్లంబరు వీరబాబు వచ్చాడు. మోటారు వేసి చెవి ఒగ్గి విన్నాడు. ఇసుకలో శెనగలు వేయిస్తున్నట్టు గరగరమంటోంది.

"బేరింగు పోయిందండి. కొత్త మోటారు ఏసేయడవేనండి, ఆయ్," అన్నాడు.

సంపు మూత తీసి ఓసారి లోపల చూడమన్నాను. వీరబాబు మూత వైపు చూసి, నా వైపు చూసి, ఈ బాధంతా అమ్మగారికి ఎందుకని సారుతో ఫోనులో మాట్లాడాడు. గడ్డే ఉండనప్పుడు కొత్త మోటారు దేనికని సారు ఒక్క మాటలో తేల్చేశారు. డిగ్రీలో నేను చదివింది ఫిజిక్సు. ఇరవై రెండేళ్లుగా ఆ చదువును కుక్కరు విజిలు దగ్గర తప్ప ఎవరూ వాడుకోలేదు.

ఆదివారం ఆయన చెరువులకు వెళ్లారు. వంతెన అవతల మాకు రొయ్యల చెరువులున్నాయి. రొయ్యలకు ఆదివారం సెలవు ఉండదు. సాయంత్రం దాకా ఇల్లు నాది.

ముందు స్ప్రింక్లర్ల తలలు విప్పి పాత టూత్‌బ్రష్‌తో తోమాను. కన్నాల్లో ఇసుక రేణువు కూడా లేదు. బిగించి మోటారు వేస్తే అదే కారుడు. తర్వాత చెప్పులు విప్పి గడ్డంతా నడిచాను. భూమిలో పైపు పగిలి ఉంటే పైన నేల చిత్తడిగా ఉండాలి. ఎక్కడా అరికాలు తడవలేదు.

"ఏంటి శిరీషగారూ, ప్రదక్షిణాలా?" గోడ అవతల నుంచి ఫిలోమినా.

"మీరూ రండి, పుణ్యంలో సగం ఇస్తాను."

ఆవిడ పూజ ముగించుకుని అప్పుడే చర్చి నుంచి వచ్చింది. అయినా నేనిచ్చే సగం కూడా వదులుకోవడం ఎందుకని కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చేసింది.

ఇక మిగిలింది మోటారు. దాన్నుంచి గడ్డికి వెళ్లే పైపు మీద ఒక వాల్వు ఉంది. ఊరికే చూద్దామని దాన్ని సగం మూశాను. గరగర ఆగిపోయింది. తెరిచాను, మళ్లీ మొదలైంది. మూడుసార్లు మూసి తెరిచాను.

"మీరు పీక నొక్కితే అది నోరు మూస్తోందండి," అంది ఫిలోమినా.

అదే నేనూ ఆలోచిస్తున్నాను. బేరింగు అరిగిపోయి ఉంటే వాల్వు మూసినా తెరిచినా దాని గోల దానిదే. ఇది ఎక్కువ నీళ్లు తోడాల్సి వచ్చినప్పుడు ఏడుస్తోంది, తక్కువతో సరిపెడితే ఊరుకుంటోంది. అంటే పైకి పంపడానికి దానికి బలం ఉంది, కింది నుంచి నీళ్లే అందడం లేదు. బోండం తాగేటప్పుడు స్ట్రా చివర లేత కొబ్బరి అడ్డుపడితే బుగ్గలు లోపలికి పోతాయే, అలా ఉంది దాని పరిస్థితి. అడ్డు సంపులో ఉండాలి.

మెయిన్ కట్టేసి, మోటారు ముందున్న జాయింటు విప్పాను. సంపు మూత తీసి ఇద్దరం కలిసి పైపు పైకి లాగాం. చివర, నీళ్లు పీల్చే అడుగు వాల్వు ఉండాల్సిన చోట, గుమ్మడికాయంత నల్లటి ముద్ద జారుతూ వచ్చింది. ఫిలోమినా శిలువ గుర్తు వేసుకుని, ఇది చచ్చిందో బతికుందో చూడమంది.

పాచి కడిగితే లోపల సన్నకన్నాల ఆకుపచ్చ వల సంచి. రెండు చుట్లు చుట్టి, నీలం నైలాన్ తాడుతో బిగించి ఉంది. చూడగానే పోల్చుకున్నాను. చెరువుకు కాలవ నీళ్లు తోడేటప్పుడు చేపగుడ్లు లోపలికి రాకుండా పైపు మూతికి ఇలాంటిదే కడతారు. అక్కడ రెండు రోజులకోసారి విప్పి కడుగుతారు కూడా. కిందటేడు వేసవిలో ఒక స్ప్రింక్లరులో ఇసుక పడితే, ఇక పడకుండా తాను చూసుకుంటానని మావారు అన్నారు. మాట నిలబెట్టుకున్నారు. ఏడాదిలో ఒక్క రేణువు పడలేదు, చివరికి నీళ్లూ పడలేదు.

ముడి నానిపోయి రాలేదు. కూరల కత్తితో కోశాను. వాల్వు తోమి పైపు దింపాం. గాలి పీల్చకుండా జాయింటుకు టేపు చుట్టి బిగించాను. చెంబుతో మోటారు నిండా నీళ్లు పోసి స్విచ్చి వేశాను. కాసేపు ఏమీ లేదు. ఫిలోమినా, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా గడ్డినే చూస్తున్నాం. ఒక స్ప్రింక్లర్ దగ్గింది. తర్వాత నాలుగూ ఒక్కసారి తల తిప్పాయి. నీళ్లు వెళ్లి గోడకు టపటపమని కొట్టుకున్నాయి.

"నా స్కూటరు తడిసింది," అంది ఫిలోమినా, చుట్టాలొచ్చారని చెబుతున్నంత సంతోషంగా.

నేను అక్కడే నిలబడి తడిశాను. చీర మార్చుకోవాలని కూడా చాలాసేపు తోచలేదు.

వీరబాబుకు ఫోన్ చేసి వల సంగతి చెప్పాను. నేల పైన, నాకు కనబడేచోట, విప్పి కడుక్కునే ఫిల్టరు ఒకటి పెట్టమన్నాను. "అలాగేనండి మేడం" అన్నాడు. శనివారం దాకా అమ్మగారినే.

వల సంచిని శుభ్రంగా ఉతికి, దండెం మీద ఆయన చొక్కాల నడుమ ఆరేశాను. సాయంత్రం ఆయన వచ్చి గడ్డిని చూశారు, తడిసిన గోడను చూశారు, దండేన్ని చూశారు. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. కాఫీ చేతికిచ్చి, వాల్వు తిప్పి చెవితో కనిపెట్టానని, సంచి సంపులో దొరికిందని, ఎవరు కట్టి ఉంటారో తెలియడం లేదని అమాయకంగా చెప్పాను. ఇల్లు కట్టినప్పటి పనివాళ్లెవరో అయి ఉంటారని ఆయన అన్నారు.

"ముడి మాత్రం చెరువు ముడండి," అన్నాను.

ఆయన కాఫీ పూర్తిగా తాగేశారు. అందులో నేను చక్కెర వెయ్యలేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు. టైల్స్ సంగతి కూడా ఎత్తలేదు. జేవియర్‌గారిని రావద్దని ఫోన్ చేసినట్టూ లేదు. అదొక్కటే నన్ను తొలిచింది.

సోమవారం ఏడింటికి జేవియర్‌గారు టేపు పట్టుకుని వచ్చారు. నేను కావాలనే అరగంట ముందు మోటారు వేసి ఉంచాను. లోపలంతా వాన కురుస్తోంది కాబట్టి ఆయన గేటు దాటలేకపోయారు. నీళ్లు కట్టేస్తే కొలుచుకుంటానని అక్కడి నుంచే అడిగారు. మావారు పంచె పైకి ఎగ్గట్టి, తడుస్తూ గేటు దాకా వెళ్లారు. నేను గడ్డి మధ్యలో ఉన్నాను. చెవి మాత్రం గేటు దగ్గర ఉంది.

"కొలతలొద్దండి జేవియర్‌గారూ, గడ్డి ఉంటది," అన్నారు మావారు. "పైపుకి వల కట్టేసి ఏడాదిపాటు మర్చిపోయింది నేనేనండి. ప్లంబరేమో మోటారు మార్చమన్నాడు. మా ఆవిడ వాల్వొకటి తిప్పి, చెవితో ఇని కనిపెట్టేసింది. ఫిజిక్సు కదండి."

జేవియర్‌గారు టేపు చుట్టేసుకుని, నా వైపు చూసి, తమ ఇంట్లో మేడ మీద షవరు సన్నగా వస్తోందని, ఎప్పుడైనా వీలైతే ఒకసారి చూస్తారా అని అడిగారు.

ఆదివారం వస్తానన్నాను. అని, తిన్నగానే ఉన్న స్ప్రింక్లర్ తలను వంగి ఇంకాస్త తిన్నగా చేశాను. నీళ్లు నేరుగా ముఖాన కొట్టాయి. అప్పుడు నా ముఖం ఆ ఇద్దరికీ కనబడకుండా ఉండటానికి అంతకన్నా మంచి పని తోచలేదు.