బామ్మ మాటలు

నాకు కోపం ముక్కు మీదుంటుందని బడి మొత్తానికీ తెలుసు. ఆ ఏడాది మాత్రం నాటకం పిల్లల్ని పల్లెత్తు మాట అనలేకపోయాను. విహారయాత్ర బస్సు బోల్తా పడి మా వసపిట్ట పోయింది. గుక్క తిప్పుకోకుండా వాగుతుందని పిల్లలే పెట్టిన పేరది. నాటకంలో బామ్మ వేషం దానిదే.

ఆర్నెల్ల తర్వాత పిల్లలే వచ్చి, "అదే నాటకం వేద్దాం మేడమ్" అన్నారు. బామ్మగా వెయ్యడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. ఖాళీ కుర్చీ వేసి, బామ్మ మాట్లాడాల్సిన చోట అంతసేపూ ఆగి, తర్వాతి మాట అందుకునేవాళ్ళు. కడుపుబ్బ నవ్వించాల్సిన నాటకం సంతాపసభలా తయారైంది.

వసపిట్ట వెనకాలే తిరిగే పిల్లని అందరూ తోక అనేవాళ్ళు. ప్రమాదం తర్వాత అది నోరు విప్పడమే మానేసింది. తెర పక్కన కూర్చుని, మాట మరిచిపోయినవాళ్ళకి అందించే పని దానికిచ్చాను. ఒక్కసారి మాత్రం నాతో అంది, "బస్సులో కిటికీ పక్క సీటు నాది మేడమ్. వసపిట్ట అడిగిందని ఇచ్చేశాను." దాని తల నిమిరాను. వసపిట్ట వాళ్ళమ్మ ఎదురైతే అది పక్క సందులోకి తప్పుకునేది.

ఆఖరి రిహార్సల్‌కి ఆవిడే వచ్చి వెనక వరసలో కూర్చుంది. మనవడి వేషం కుర్రాడు ఆవిణ్ణి చూసి కూడా, కుర్చీ వైపు తిరిగి, "బామ్మా, నా కళ్ళజోడు చూశావా?" అన్నాడు. ఆగాడు. ఆ ఆగడం ఆగడమే, తన తర్వాతి మాట మరిచిపోయాడు. తోక కంగారుపడి, పుస్తకంలో కంటికి కనబడ్డ మాట అందించేసింది.

"నీ నెత్తినే ఉంది కదరా మొద్దూ!"

అది బామ్మ మాట. అచ్చం వసపిట్టలాగే సాగదీసి అంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

ఆవిడ లేచి నిలబడింది. "ఎవరమ్మా ఆ మాట అన్నది?"

తోక బయటికొచ్చింది. "నేనే పిన్నీ. కిటికీ సీటు ఇచ్చింది కూడా నేనే." వెక్కిళ్ళు పెట్టి ఏడ్చింది.

"అది ఊరుకుంటుందా ఇవ్వకపోతే? కిటికీ దొరక్కపోతే బస్సే ఎక్కనని పొద్దున్నే నాతో పేచీ పెట్టుకుని మరీ వెళ్ళింది," అంది ఆవిడ. "ఈ మొద్దూ మాట అది వల్లెవేస్తుంటే వంటింట్లో రోజుకి పదిసార్లు వినేదాన్ని. వెనక్కి సరిగా వినపడలేదు తల్లీ. ఆ కుర్చీలో కూర్చుని గట్టిగా చెప్పు."

తోక కూర్చుంది. వెనక వరసకి వినపడేలా గట్టిగా చెప్పింది.

ముందు నవ్వింది ఆవిడే.