చిట్టి బర్గర్ల కొలత

మరిది చెప్పే మాటల్లో సగం వీడియోలవి, మిగతా సగం తను పనిచేసి మానేసిన షోరూమువి. సొంతంగా ఒక్క మాటైనా చెబితే విని తరిద్దామని పెద్దకోడలు చాలాకాలంగా ఎదురుచూస్తోంది. ఈసారి అతగాడు మోసుకొచ్చిన మాట చిట్టి బర్గర్లు. దర్జీ కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళు నిండాయని, పనివాళ్ళనీ వాళ్ళ ఇళ్ళవాళ్ళనీ పాత కస్టమర్లనీ కొట్లోకే పిలిచి సాయంత్రం ఏదైనా పెడదామని మామగారు అన్నారు. అనడమే తరువాయి, మరిది ఫోను తీశాడు. అరచేతిలో సగం కూడా లేని బన్నుల మధ్య కీమా, చీజ్ ఇరికించిన బొమ్మ చూపించి, నిలబడి ఒంటిచేత్తో తినెయ్యొచ్చని, పులుసులు కారవని, సూటు గుడ్డల మీద మరకలు పడవని పెద్ద ఉపన్యాసమే దంచాడు. మరకలు పడవన్న మాట మామగారికి నచ్చింది. నోట్లో వేసుకున్నాక ఎక్కడుందో వెతుక్కోవాల్సిన తిండికి బర్గరని పేరొకటా అని పెద్దకోడలు గిన్నెలతో అంది. వంటింట్లో అప్పుడు వినేవి అవే.

నిజానికి ఆమె మంట బర్గర్ల మీద కాదు. మామగారిని కొట్లో అందరూ మాస్టరనే పిలుస్తారు. కత్తిరించే బల్ల ముందు ఇన్నేళ్ళూ ఆయన తప్ప మరొకరు నిలబడలేదు. ఇప్పుడాయనకి చూపు తగ్గింది, కత్తెర పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. రేపటినుంచి ఆ బల్ల ఎవరిదో ఈ సాయంత్రం అందరిముందూ చెబుతానన్నారు. అడగదగ్గవాళ్ళు ఇద్దరే. కాపురానికొచ్చిన కొత్తలోనే మిషనెక్కి, కాలర్లూ జేబులూ కుట్టీ కుట్టీ, పాత న్యూస్‌పేపర్ల మీద తనంతట తాను కత్తిరింపు నేర్చుకున్న పెద్దకోడలు ఒకరు. బట్టల షోరూములో మెడకి టై బిగించుకుని కొన్నాళ్ళు తిరిగి, కంప్యూటర్లో చొక్కాలు గీసే కోర్సు చేసొచ్చిన మరిది రెండోవాడు. ఆమె భర్త ఈ పోటీలో లేడు. ఆయన ఇస్త్రీ చేస్తాడు, ఎవరేమన్నా 'అలాగే' అంటాడు, ఆ రెండు పనులూ వంక పెట్టడానికి లేకుండా చేస్తాడు.

ఆ బల్ల ఆమెకి కావాలి. నగలు అడగలేదు, చీరలు అడగలేదు, ఆ బల్ల కావాలి. మరిది అక్కడ నిలబడి కాలరెగరేస్తూ కత్తిరిస్తుంటే, ఆ వంకర ముక్కల్ని తాను కింద కూర్చుని కుట్టుకుంటూ బతకాల్సి వస్తే, మిషన్ని పాత ఇనుముకి వేసేస్తానని భర్తతో తేల్చి చెప్పింది. ఆయన 'అలాగే' అన్నాడు.

ఆ కొట్లో ఒక కట్టడి ఉంది. కత్తిరింపు తప్పిన బట్టని దాచకూడదు, పారెయ్యకూడదు, కత్తిరించినవాళ్ళే నలుగురిలో తొడుక్కుని తిరగాలి. కత్తిరించేది మాస్టరొక్కరే కాబట్టి తొడుక్కున్నదీ ఆయనే. ఒకసారి గుడ్డని ముందు తడిపి ఆరబెట్టకుండా కోటు కత్తిరించేశారు. కుట్టించుకున్నాయన వానలో తడిస్తే గుడ్డ ముడుచుకుని కోటు చేతులు మోచేతుల దాకా ఎగబాకాయి. ఆయనకి కొత్త కోటు కుట్టిచ్చి, ఆ పొట్టిచేతుల కోటు వేసుకునే మాస్టరు పెద్దకొడుకు పెళ్ళిలో నిలబడ్డారు. అంటే ఈవిడ పెళ్ళిలోనే. పెళ్ళి ఫొటోల్లో వధూవరులకన్నా ముందు ఆ చేతులే కనిపిస్తాయి. పుట్టింటివాళ్ళు ఆ మాట ఇంకా మర్చిపోలేదు, ఆమెని మర్చిపోనివ్వలేదు.

కొట్టు కింద, ఇల్లు పైన. మధ్యాహ్నం పైనున్న వంటింట్లో పని మొదలైంది. విడదీయని బన్నులు పలకలు పలకలుగా బేకరీనుంచి వచ్చాయి. ఒక్కో బన్నూ విడివిడిగా కొయ్యకుండా, పలక మొత్తాన్నీ అడ్డంగా ఒకే కోతలో రెండు పొరలుగా చీల్చాలి. కీమాని కూడా ఉండలు చెయ్యకుండా ట్రేలో ఒకే రేకులా పరిచి కాల్చి, ఆ రేకుని కింది పొర మీద పెట్టి, పైన చీజ్ ముక్కలు, పై పొర కప్పి, వెన్న రాసి మళ్ళీ వేడి చేసి, అప్పుడు బన్నుల మధ్య గీతల వెంట కొయ్యాలి. మరిది ఇదంతా తానే కనిపెట్టినట్టు చెప్పుకుపోతున్నాడు. పద్ధతి బాగానే ఉందని ఆమెకి లోపల తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

కొలతా కోతా తనవేనని మరిదికి ముందే చెప్పేసింది. మామగారు మెట్లెక్కి వచ్చి ఓసారి చూసి వెళ్తారని తెలుసు. మెడలో టేపు తీసి బన్నుల పలక నాలుగువైపులా కొలిచింది. చొక్కాలకి గీతలు గీసే చెక్క స్కేలు కడిగి తెచ్చి, కీమా రేకుని సరిగ్గా ఆ కొలతకే తట్టి, అంచులు స్కేలుతో నొక్కి నిటారుగా చేసింది. వెంట్రుకవాసి తేడా లేదు. మరిది ఫోనులోంచి తలెత్తాడు.

"వదినా, అంచుకి ఇంకా బయటికి పరవాలంట. కాలితే లోపలికి లాగేస్తుందంట."

"అంట, అంట. నీ బతుకంతా అంటలేనా బాబూ? కొలత అంటే ఏంటో నీ ఫోను నాకు నేర్పుతుందా?"

అతను భుజాలెగరేశాడు. షోరూములో నేర్చిన ఒకే ఒక్క విద్య అది, భుజాలెగరెయ్యడం, అనుకుంది ఆమె. అప్పుడే పైకొచ్చిన మామగారు రేకు దగ్గర వంగి, అంచు వెంట చూపు పోనిచ్చి, ఊఁ అని దిగిపోయారు. ఆ ఊఁకారం చాలు ఆమె గాల్లో తేలిపోవడానికి. రెండు ట్రేలూ ఒకేసారి ఓవెన్లోకి తోసి, పరిచిన తీరు చూసి నేర్చుకోమని మరిదికి ఉచిత సలహా కూడా పారేసింది.

ట్రేలు బయటికి తీసేసరికి కింద జనం గోల మొదలైంది. ఆమె ట్రేలోకి వంగి చూసింది. కొవ్వంతా కరిగి ట్రేలో మడుగు కట్టింది. కీమా రేకు నాలుగువైపులనుంచీ లోపలికి ముడుచుకుపోయి మధ్యలో బిక్కుబిక్కుమంటోంది. బన్నుల పలక మీద పెడితే మధ్య వరసలకే సరిపోయింది. చుట్టూ అంచు వరసల్లో ఉత్త బన్నులే. రెండో ట్రే కూడా అంతే. మళ్ళీ చెయ్యడానికి కీమా లేదు, టైమూ లేదు.

మరిది నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే చీల్చి చెండాడేది. అతను జాలి పడ్డాడు. గొంతు తగ్గించి, అంచుల మీద చీజ్ రెండు పొరలు వేసి కప్పేద్దామని, అవి పళ్ళెంలో అడుగున పెడితే ఎవరికీ తెలియదని, నాన్నకి తాను చెప్పనని అన్నాడు. ఇస్త్రీ వదిలి పైకొచ్చిన భర్త ఆశ్చర్యంగా ఈసారి 'అలాగే' అనలేదు. కీమా పరిచింది తమ్ముడేనని చెబితే ఎవరు అడుగుతారని గొణిగాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన సొంతంగా చేసిన ఆలోచన అదొక్కటే.

ఆమె ఒక్క క్షణం ఆ మాటని పట్టుకుని చూసింది. చెబితే నమ్ముతారు. బల్ల తనకొస్తుంది. ఆ వెంటనే బల్ల ముందు రోజూ నిలబడే తనూ, ఎదురుగా ఏమీ అనకుండా చిరునవ్వు నవ్వే మరిదీ కళ్ళముందు కనిపించారు. ఇలాంటివాడి దయ మీద బతకడమా? బల్ల పోతే పోయిందనుకుంది. అలా అనుకోగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళమీదా ఆమెకి చిరాకే.

చీజ్ అన్నిటిమీదా ఒకేలా పరిచి, పై పొర కప్పి, వెన్న రాసి, వేడి చేసి గీతల వెంట కోసింది. నిండుగా ఉన్నవన్నీ పెద్ద పళ్ళేల్లో సర్ది మరిదికీ భర్తకీ ఇచ్చి పంపింది. వచ్చినవాళ్ళకి అవి సరిపోతాయి. అంచు వరసలవన్నీ ఒక బేసిన్లో వేసుకుని తాను దిగింది.

కొట్లో కత్తిరించే బల్ల మీద తెల్లకాగితం పరిచారు. జనం తింటున్నారు, బాగున్నాయంటున్నారు, మరిది ఆ మెప్పులన్నీ నోరారా ఆరగిస్తున్నాడు. పెద్దకోడలు తిన్నగా వెళ్ళి బల్ల పక్కన అందరికీ కనపడేలా నిలబడి, బేసిన్లోంచి ఒకటి తీసి తినడం మొదలుపెట్టింది. ఎండు రొట్టె, కాస్త చీజ్. గొంతు దిగడం లేదు. ఒకటయ్యాక ఇంకోటి తీసింది. కాజాలు కుట్టే ముసలాయన ముందు గమనించాడు, పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. గోల తగ్గింది.

మాస్టరు వచ్చారు. బేసిన్లోంచి ఒకటి తీసి, కాలరు మడత ఎత్తి చూసినట్టు పై బన్ను ఎత్తి చూశారు.

"కొలత ఎవరిదమ్మాయ్?"

"నాదే మామయ్యగారూ. పరవడం, కొయ్యడం కూడా నాదే. ముడుచుకుపోతుందని మరిది చెప్పాడు. నేనే వినలేదు."

ఆ చివరి మాట అనడానికి ఆమెకి ఎండు రొట్టె మింగడం కన్నా కష్టమైంది. మరిది భుజాలెగరెయ్యబోయి, ఎందుకో మానుకున్నాడు.

"తడపకుండా కత్తిరించావన్నమాట," అన్నారు మాస్టరు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఎత్తిన బన్ను మూసి, కట్టుడుపళ్ళతో మెల్లగా కొరికి, అందరూ చూస్తుండగా నమిలి మింగారు. తర్వాత బేసిన్లోంచి రెండోది తీసుకున్నారు.

"దీని అంచు నేనూ చూసి ఊఁ అన్నాను," అన్నారు జనంవైపు తిరిగి. "కుట్టేవాళ్ళకి ఈ తప్పు రాదు. ఇది కత్తిరించేవాళ్ళ తప్పు. నేనూ చేశాను, కొడుకు పెళ్ళిలో తొడుక్కున్నాను."

బల్ల సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన పెద్ద కత్తెర తీసి ఆమె ముందు పెట్టారు. నోట్లో రొట్టె ఉండగా ఆమె ఏడ్చేసింది, చూడ్డానికి ఏమాత్రం బాగోలేదు. చెయ్యి చాపింది.

"వెన్న చేతులతో ముట్టుకోకు," అన్నారాయన. "ముందు ఆ బేసిను ఖాళీ చెయ్యి."

మరిది వచ్చి పక్కన నిలబడి బేసిన్లో చెయ్యి పెట్టబోయాడు, సాయం చెయ్యడానికి. ఆమె ఆ చేతి మీద చరిచింది. తన తప్పు తినే అర్హత అతగాడికింకా రాలేదని చెప్పి, మిగిలినవన్నీ ఒక్కటీ వదలకుండా తానే తింది.